ఇంకా పడుతుందిలే

సెప్టెంబరు 1, సోమవారం

పొద్దున ప్రార్థనకు కూర్చుని కళ్ళు మూసుకుంటే దేవుడికి బదులు డైపర్ల ధరలు కనిపించాయి. చిన్న ప్యాకెట్ ఎంత, పెద్దది ఎంత, ఒక్కోటి ఎంతకు పడుతుంది అని లోపల లెక్క నడుస్తూనే ఉంది. కళ్ళు తెరిచేసరికి ప్రార్థన సమయం అయిపోయింది, లెక్క మాత్రం తేలలేదు. ఆయన ముందు కూర్చుని ఇవన్నీ ఏకరువు పెట్టడం మర్యాద కాదనిపించింది. అందుకే మా అబ్బాయికి గోడౌన్‌లో ఇచ్చిన ఈ డైరీ ఊరికే పడి ఉంటే తీసుకున్నాను. డైపర్లు ఇక్కడ, దేవుడు అక్కడ. రెండూ కలపను.

హైస్కూలు వదిలాక ఇంత రాయడం ఇదే మొదటిసారి. చేతిరాత ఇంకా బాగానే ఉంది.

నిన్న సాయంత్రం సంగతి రాసుకోవాలి. అబ్బాయికి గోడౌన్‌లో పని తగ్గించారు. ఇప్పుడు వారంలో సగం రోజులే పిలుస్తున్నారు. కోడలి ఎక్స్‌రే కోర్సు డిసెంబరు పరీక్షతో అయిపోతుంది. అప్పటిదాకా ఆసుపత్రిలో శిక్షణ, జీతం ఉండదు. వంటింట్లో ఇద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ఈ ఇంట్లో గొంతు ఎంత తగ్గించినా హాల్లోకి వినిపిస్తుంది.

"మానేస్తాను," అంటోంది కోడలు. "సూపర్‌మార్కెట్లో బిల్లు కౌంటర్‌కి మనుషులు కావాలట. వెంటనే రమ్మంటారు."

"ఇంతా చదివి ఇప్పుడా? మధ్యలో మానేస్తే మళ్ళీ సీటివ్వరన్నావుగా."

"ఇవ్వరు. ఏం చెయ్యమంటావు? పిల్లాడికి డైపర్లు, పెద్దదానికి రాత్రికి డైపర్లు, పాల డబ్బా, సరుకులు. నీ జీతం అద్దెకే సరి. మిగతాదానికి ఆసుపత్రి నుంచి ఎముకల బొమ్మలు తెచ్చి వండనా?"

నేను వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"డైపర్లు, సరుకులు నాకు అప్పజెప్పండి," అన్నాను.

"ఏంటమ్మా?" అన్నాడు అబ్బాయి. నేను ఏం చెప్పినా అందరూ ముందు అదే అంటారు. నా గొంతు అంత. మళ్ళీ చెప్పాను.

"ఉన్నది అంతే కదా అత్తయ్యా. ఎవరి చేతిలో ఉంటే మాత్రం ఎక్కువవుతుంది?" అంది కోడలు.

"డిసెంబరు దాకా చూడండి. తర్వాత మీ ఇష్టం."

"సరే, ఇవాళ్టి నుంచి మా అమ్మ ఆర్థిక మంత్రి," అన్నాడు వాడు. కోడలు నవ్వలేదు. కాని అలమారలోని డబ్బుల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఆ పిల్ల చదువు ఆగకూడదు. నాది ఆగింది. ఎందుకో ఇక్కడ రాయక్కర్లేదు.

సెప్టెంబరు 3

జనం లేని వేళ చూసి పొద్దున్నే సూపర్‌మార్కెట్‌కు వెళ్ళాను. గుండుగాడు చంకలో, వాడి అక్క చెయ్యి పట్టుకుని. వాడికి ఏడో నెల వచ్చినా నెత్తిన నాలుగు వెంట్రుకలు లేవు. దానికి ఇంకా నాలుగో ఏడు నిండలేదు గాని నోరు ఆగదు. మా వాడు దాన్ని కబుర్లపుట్ట అంటాడు.

డైపర్ల వరుసలో ప్రతి ధర కింద చీమ తలకాయంత అక్షరాలతో ఒక్కోటి ఎంత పడుతుందో రాసి ఉంది. ఇన్నాళ్ళూ మా ఇంట్లో ఎవరూ చూడలేదు. పెద్ద ప్యాకెట్ చవక అనుకుంటూ వచ్చాం. కాదు. ఆ వరుసలో అన్నిటికన్నా పెద్ద ప్యాకెట్టే ఒక్కోదానికి ఎక్కువ పడుతోంది. వంగితే తప్ప కనిపించని కింది అరలో ఆ షాపు సొంత రకం ఉంది, అన్నిటికన్నా చవక. దాని మీద ఏ బొమ్మా లేదు. పై అరలో పిల్లాడు నవ్వుతున్నందుకు కూడా మనమే డబ్బు కడుతున్నామన్నమాట.

"ఈ రకం మీ బాబుకి పడకపోతే ఎలాగండీ?" అంది బిల్లు కౌంటర్ అమ్మాయి.

"ఒకటి వేసి చూస్తానమ్మా."

"ఏంటండీ?"

"మా నానమ్మ ఒకటి వేసి చూస్తుందట," అని కబుర్లపుట్ట షాపంతా వినిపించేలా చెప్పింది. బయట నాకు మైకు అదే.

ఆ అమ్మాయి నవ్వి, వంగి, ఒక సంగతి చెప్పింది. తేదీ దగ్గరపడిన సరుకులకు ధర తగ్గించి పసుపు చీటీలు అంటిస్తారట, మధ్యాహ్నం భోజనాలయ్యాక.

సెప్టెంబరు 6

పసుపు చీటీలు దొరికాయి. రొట్టె, గుడ్లు, మచ్చలు పడ్డ కూరగాయలు. మచ్చ కోసేస్తే కూర కూరే.

కడుపు నిండా తిని వెళ్ళాను. ఖాళీ కడుపుతో వెళితే చేతులు మన మాట వినవు.

ప్రార్థన బాగా కుదిరింది.

సెప్టెంబరు 9

పై అంతస్తు టైలరమ్మ దగ్గరకు పాత దుప్పట్లు పట్టుకుని వెళ్ళాను. ఉతికి ఉతికి వెన్నలా అయిన దుప్పట్లు. పగలు గుడ్డవి, రాత్రి కొన్నవి వేయాలని నా ఆలోచన.

"వదినగారూ, ఈ కాలంలో గుడ్డలు ఉతికేదెవరు?" అంది మిషన్ ఆపకుండానే.

"నేనే."

"మీ కోడలు ఒప్పుకుందా?"

"ఉతికేది నేనైతే ఒప్పుకోకేం."

నడుము దగ్గర గుండీలు పెట్టి, మధ్యలో మందంగా మడతలు వేసి, ఓపికగా కుట్టింది. డబ్బు తీసుకోనంది. బదులుగా ఆమె గుండీల డబ్బాలన్నీ రంగుల వారీగా సర్ది ఇచ్చాను. కబుర్లపుట్ట సాయం చేసింది. అందుకే రెండుసార్లు సర్దాల్సి వచ్చింది.

సెప్టెంబరు 12

గుండుగాడికి గుడ్డలు బాగా అమిరాయి. వరండా తీగ మీద ఆరుతుంటే కోడలు ఆసుపత్రి నుంచి వచ్చి కాసేపు చూస్తూ నిలబడింది.

"మీరు అన్నంత పనీ చేశారత్తయ్యా," అంది.

ఆరిన గుడ్డ ఒకటి తీసి మడతపెట్టాను. కాని లోపల కాస్త పొంగిపోయాను. ఒప్పుకోవాలి.

సెప్టెంబరు 16

సూపర్‌మార్కెట్లో బట్టలకు సువాసన వచ్చే లిక్విడ్ చిన్న ప్యాకెట్లు ఊరికే పంచుతున్నారు. నాలుగు తెచ్చాను. పిల్లాడి గుడ్డలకు కాక ఇంకెందుకు? వాటిలో నానబెట్టి ఉతికితే పట్టులా వచ్చాయి. ఇల్లంతా పూల వాసన.

సెప్టెంబరు 17

గుడ్డలు కారుతున్నాయి. పక్క తడి, నా ఒడి తడి. పిల్లాడు ఎక్కువ తాగాడేమో.

సెప్టెంబరు 19

మళ్ళీ అంతే. ఈ గుడ్డలు నీరు పట్టడం లేదు. పాత దుప్పట్లు కదా, అరిగిపోయి ఉంటాయి. టైలరమ్మకు చెప్పలేదు. అంత శ్రమపడి కుట్టిన మనిషిని నొప్పించడం ఎందుకు?

కోడలికీ చెప్పలేదు. నిన్నగాక మొన్న మెచ్చుకుంది. గుడ్డలు ఉతికి తీగ మీద వేస్తూనే ఉన్నాను, చూసేవాళ్ళకు ఉండాలి కదా. పగలు కూడా కొన్నవే వేస్తున్నాను. ప్యాకెట్ చూస్తుండగానే కరిగిపోతోంది. డబ్బాలో ఉన్నది నెలాఖరు దాకా రావాలి.

సెప్టెంబరు 20

ఈ రోజుల్లో డైపర్లు చాలా నీరు పడతాయి. ప్యాకెట్ మీదే రాశారు, చాలా గంటలు పొడిగా ఉంచుతుందని. మనం ఊరికే తొందరపడి మారుస్తాం. చేత్తో నొక్కి చూస్తే తెలిసిపోతుంది. ఇంకా పడుతుందిలే అనిపిస్తే ఉంచేయడమే.

సెప్టెంబరు 23

రాత్రికి ఒకటి చాలు. నిద్రపోతున్నవాణ్ణి లేపి మార్చడం ఎందుకు?

సెప్టెంబరు 25

కాస్త ఎర్రబడింది. పళ్ళు వస్తున్నాయేమో. నూనె రాశాను.

సెప్టెంబరు 26

పళ్ళే.

సెప్టెంబరు 30

నెల గట్టెక్కింది. డబ్బాలో కొంచెం మిగిలింది కూడా. అబ్బాయి డబ్బా ఊపి చూసి, "మంత్రిగారూ, ఏం మాయ చేశారు?" అన్నాడు. కోడలు భోజనం చేస్తూ ఆసుపత్రి కబుర్లు చెప్పింది. ఒక పెద్దాయనను ఊపిరి బిగపట్టమంటే బిగపట్టి, వదలమని చెప్పేదాకా వదల్లేదట. ఈ పిల్ల మరిచిపోయి పక్క గదిలోకి వెళ్ళిందట. నవ్వలేక చచ్చాం. కబుర్లపుట్ట అప్పటినుంచి ఇంట్లో అందరినీ ఊపిరి బిగపట్టమంటోంది.

ఇలా నవ్వుతూ చెప్పే పిల్లను బిల్లు కౌంటర్‌లో కూర్చోబెట్టకూడదు. ఇంకా రెండున్నర నెలలు. లాగేస్తాను.

గుండుగాడు స్నానం చేయిస్తుంటే ఏడ్చాడు. నీళ్ళు వేడిగా ఉన్నట్టున్నాయి.

అక్టోబరు 3, శుక్రవారం

రాయాలి.

సాయంత్రం కోడలు వచ్చేసరికి వాడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. తనే ఎత్తుకుని, డైపర్ విప్పింది. చర్మం ఒలిచినట్టుంది. తొడ మడతల్లో రక్తం చెమర్చింది. కోడలు వాణ్ణి తువ్వాలులో చుట్టి చెప్పులేసుకుంది. నేనూ వెనకే వెళ్ళాను.

డాక్టరమ్మ చూసి, "తడి ఎక్కువసేపు ఉండిపోతే ఇలా అవుతుంది. ఎంతసేపటికి మారుస్తున్నారు?" అంది.

కోడలు నా వైపు చూసింది.

"తడిసినప్పుడల్లా," అన్నాను.

ఈ మాట మాత్రం అందరికీ మొదటిసారే వినిపించింది.

"అయితే కొందరు పిల్లల చర్మం అంతే, సున్నితంగా ఉంటుంది. పాలు మారినా వస్తుంది. తల్లిపాలేనా?" అంది డాక్టరమ్మ.

"లేదండీ. శిక్షణలో చేరినప్పుడు మాన్పించాను," అంది కోడలు.

ఇంటికొచ్చి మందు రాసి, వాణ్ణి భుజాన వేసుకుని హాల్లో అటూ ఇటూ తిరిగింది. అబ్బాయి రాగానే చెప్పింది. "నావల్లే వచ్చింది. పాలు మాన్పించి ఎవరెవరి ఎముకలో చూసుకుంటూ కూర్చున్నాను. సోమవారం ఆసుపత్రికి వెళ్ళి తెల్లకోటు ఇచ్చేసి వస్తాను. ఇంక నన్ను ఆపకు."

నేను వంటింట్లో గిన్నెలు తోముతున్నాను. తోమినవే తోమాను.

అక్టోబరు 4

ప్రార్థనకు కూర్చోలేదు. పని ఎక్కువగా ఉంది.

అక్టోబరు 4, మధ్యాహ్నం

పనేమీ లేదు.

అక్టోబరు 5, ఆదివారం

కబుర్లపుట్ట బొమ్మను పడుకోబెట్టి, చేతిరుమాలు డైపర్‌లా చుట్టి ఆడుకుంటోంది. నేను పక్కనే బట్టలు మడతపెడుతున్నాను. అది బొమ్మ కింద చెయ్యి పెట్టి నొక్కి చూసింది. తల ఒకవైపు వంచింది. "ఇంకా పడుతుందిలే," అని దుప్పటి కప్పేసింది.

ఆ తల వంచడం నాది. ఆ గొంతు తగ్గించడం కూడా నాదే.

కోడలు గదిలో తెల్లకోటు ఇస్త్రీ చేస్తోంది, తిరిగి ఇవ్వడానికి. ఇచ్చేసేదానికి ఇస్త్రీ ఎందుకో. కాలర్ దగ్గర చాలాసేపు రుద్దుతోంది. నేను తలుపు దగ్గర నిలబడి చెప్పాను.

"ఏంటత్తయ్యా? వినిపించలేదు," అంది.

ఒకసారి చెప్పడమే కష్టమైంది. రెండోసారి చెప్పాలి. చెప్పాను. ఈసారి పై అంతస్తుకు కూడా వినిపించి ఉంటుంది.

"పాలు మార్చడం వల్ల కాదు. నేను మార్చలేదు. డైపర్లు. గుడ్డలు పనిచేయడం లేదు, రెండు వారాలుగా ఊరికే ఉతికి ఆరేస్తున్నాను. కొన్నవి అయిపోతాయని ఒక్కోటి పూటంతా ఉంచాను. రాత్రంతా ఒకటే. డాక్టరమ్మకు అబద్ధం చెప్పాను."

కోడలు ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. స్విచ్ తీసింది. అప్పుడు నావైపు తిరిగింది.

"పిల్లాడి ఒంటి మీదా అత్తయ్యా పొదుపు?"

నేను తలుపు దగ్గరి నుంచి లోపలికి వచ్చాను.

"వాడు ఏడుస్తుంటే ఏమనుకున్నారు?"

"పళ్ళనుకున్నాను."

"నిజంగా అనుకున్నారా?"

"అనుకోవాలనుకున్నాను."

అబ్బాయి గుమ్మంలోకి వచ్చి, "అమ్మా," అని ఆగిపోయాడు. కోడలు చేత్తోనే వాణ్ణి వెళ్ళమంది.

"రెండు రోజులుగా నన్ను నేను తిట్టుకుంటున్నాను," అంది. "మీరు చూస్తూ ఊరుకున్నారు."

"ఊరుకున్నాను."

"ఇప్పుడు మరీ మానేయాలి. పిల్లాణ్ణి మీకు వదిలి ఎలా వెళ్ళను?"

నోరు విప్పకపోతే పాలు మాన్పించినందుకు మానేస్తుంది, విప్పితే నన్ను నమ్మలేక మానేస్తుంది. కాని ఈ రెండో దారిలో నేను చేయగలిగింది కొంత ఉంది. అందుకే అక్కడే నిలబడ్డాను.

"నువ్వు మానేస్తే నా తప్పుకు నువ్వు కట్టినట్టవుతుంది," అన్నాను. "నన్ను నమ్మకు. రోజూ వచ్చి విప్పి చూడు. ఏ వేళకు మార్చాలో నువ్వే చెప్పు. కాని రేపు ఆ కోటు వేసుకునే వెళ్ళు. అన్నీ చూశాక కూడా వాడి ఒళ్ళు ఇలాగే ఉంటే నేనే వచ్చి నీ కోటు ఇచ్చేస్తాను."

తను చాలాసేపు ఇస్త్రీబల్ల మీద చెయ్యి ఆనించి నిలబడింది. ఊపిరి బిగపట్టమన్నట్టు నేనూ అలాగే ఉన్నాను.

"మా కోర్సు మేడమ్ మొదటి రోజే చెప్పింది," అంది చివరికి. "పైనుంచి నొక్కి చూసి లోపల ఏముందో తేల్చకూడదు అని."

వంటింట్లోకి వెళ్ళి, గంట మోగే చిన్న గడియారం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇది మోగినప్పుడల్లా మార్చాలి. తడిసినా, తడవకపోయినా, పడుకున్నా, లేచినా. నొక్కి చూడొద్దు."

"చూడను."

"గుడ్డలెందుకు పనిచేయడం లేదో టైలరాంటీని అడిగారా?"

"లేదు."

"అడగండి. ఆవిడేం కరవదు."

అక్టోబరు 6

కోటు వేసుకుని వెళ్ళింది. నాతో మాట్లాడకుండానే వెళ్ళింది. కాని వెళ్ళింది.

టైలరమ్మకు గుడ్డలు చూపించాను. చుక్క నీళ్ళు చల్లింది. బొట్లు బొట్లుగా జారిపోయాయి.

"వదినగారూ, వీటికేం పట్టించారు?"

"సువాసన లిక్విడ్."

ఆమె నవ్వు మిషన్ చప్పుడుకన్నా ఎక్కువసేపు నడిచింది. "అది గుడ్డకి మైనం పూసినట్టే. తువ్వాళ్ళకి కూడా పెట్టకూడదు. గొడుగు కుట్టమంటే గొడుగే కుట్టేదాన్ని కదా. కారిన రోజే ఎందుకు చెప్పలేదు?"

"మీరు నొచ్చుకుంటారని."

"నేను నొచ్చుకుంటే నాకు పోయేదేముంది? వాడికి పోయింది కదా, పాపం."

మరిగే నీళ్ళలో వేసి, నీళ్ళు మార్చి, మళ్ళీ మరిగించాను. మొదటి నీళ్ళ మీద నూనెలా తేలింది. అది పోయేదాకా మరిగించాను. చేతులు బొబ్బలెక్కాయి. ఎక్కనీ.

అక్టోబరు 8

గుడ్డలు మళ్ళీ నీరు తాగుతున్నాయి. మందు రాస్తుంటే వాడు ఏడవలేదు. కోడలు సాయంత్రం వచ్చి, చేతులు కడుక్కుని, నేరుగా వాడి దగ్గరకు వెళ్ళి విప్పి చూసింది. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను.

ప్రార్థనకు కూర్చున్నాను. డైపర్ల సంగతి అక్కడ చెప్పనని మొదటి రోజు రాసుకున్నాను. చెప్పాను. అక్కడ చెప్పకుండా దాచినందుకే ఇంత దూరం వచ్చింది.

అక్టోబరు 15

కోడలు వచ్చింది, చేతులు కడుక్కుంది, విప్పి చూసింది.

అక్టోబరు 24

చర్మం మామూలుగా అయింది. అయినా విప్పి చూసింది. చూడాలి.

బిల్లు కౌంటర్ అమ్మాయి వాళ్ళ అక్క పిల్లాడు ఎదిగిపోయాడట. చిన్నవైపోయిన డైపర్లు సగం ప్యాకెట్ ఇచ్చింది. గుండుగాడికి సరిపోయాయి. మా పాల డబ్బాతో వచ్చిన తగ్గింపు కూపన్ నేను ఆమెకిచ్చాను. ఇలాంటి మార్పిళ్ళు ఇంకెవరితో కుదురుతాయో అడగాలి. అడగడానికి సిగ్గుపడటం మానేశాను. ఏంటండీ అంటే మళ్ళీ చెబుతున్నాను.

అక్టోబరు 31

ఈ నెల డబ్బాలో ఏమీ మిగల్లేదు. అప్పూ లేదు. పోయిన నెల మిగిలింది ఎవరి ఒంటి మీద నుంచి మిగిలిందో నాకు తెలుసు. ఈ ఖాళీ డబ్బాయే నయం.

నవంబరు 9

అబ్బాయిని గోడౌన్‌కు వారంలో ఇంకో రోజు అదనంగా రమ్మన్నారు. గుడ్లు పసుపు చీటీవి కాకుండా మామూలువి కొన్నాను. కబుర్లపుట్ట రాత్రి డైపర్ లేకుండా పడుకుంటానంది. పొద్దున దాని పక్క పొడిగా ఉంది. దాని బొమ్మ పక్క తడిగా ఉందట. మరి ఆ తప్పు ఎవరిదో విచారణ జరుగుతోంది.

నవంబరు 21

ఈ రోజు కోడలు అలిసిపోయి వచ్చింది. సంచీ కింద పెట్టి, చేతులు కడుక్కుని, కూర్చుంది. నేను కంచం పెట్టాను. తింది.

"గుండుగాడు పడుకున్నాడా?"

"ఇప్పుడే."

"సరే అయితే. లేపకండి," అని పుస్తకం తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

విప్పి చూడలేదు.

నేను కంచం చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఇంతలో గంట మోగింది. వెళ్ళి లేపాను. మార్చాను. ఏడ్చాడు. ఏడవనీ.

డిసెంబరు 12

కోడలు పరీక్షకు వెళ్ళింది. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి, "అత్తయ్యా, మీ ప్రార్థనలో ఒక మాట వేయండి," అంది. వేశాను. గొంతెత్తి వేశాను. కబుర్లపుట్ట ఏమైందని పరిగెత్తుకొచ్చింది.

సాయంత్రం వచ్చాక డబ్బుల డబ్బా తన ముందు పెట్టాను. డిసెంబరు దాకా అన్నాను, డిసెంబరు వచ్చింది. తను మూత తీసి చూసి, మళ్ళీ మూసి, నా వైపే జరిపింది.

"వాడికి నడక వచ్చేదాకా మీ దగ్గరే ఉంచండి. గడియారం కూడా."

ఫలితం ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చినప్పుడు వస్తుంది. ఆగిపోలేదు, అది చాలు.

ఇక రాయను, ఉతకాల్సినవి ఉన్నాయి. ఈ పుస్తకాన్ని డబ్బుల డబ్బా కింద పెడుతున్నాను. ఎప్పుడైనా ఎవరి చేతికైనా దొరికితే చించవద్దు, పాతసామాన్లవాడికి వేయవద్దు, అక్కడే ఉండనివ్వండి. తీసి ఎవరికీ చదివి వినిపించవద్దు. గుండుగాడికైతే అసలే వద్దు. తన వెనకభాగం గురించి నానమ్మ ఇంత రాసిందని తెలిస్తే, జుట్టు వచ్చిన తర్వాత కూడా వాడు నన్ను క్షమించడు.